నీలం తిరిగిన ముగ్గు

ఆ పొద్దు సుబ్బరత్నమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలు శ్రావణి మైదుకూరులో సైన్సు పోటీకి బయలుదేరే వేళకు వాకిలి బోసిగా ఉండకూడదు. గడప ముందున్న నల్లటి కడప బండ మీద నీళ్ళు చల్లింది. తీరా చూస్తే ముగ్గు డబ్బా ఖాళీ. వంటింటి కిటికీలో, మూత బిగించిన సీసాలో తెల్లటి పొడి కనబడింది. ముగ్గుపిండి కంటే మెత్తన. ఇదే మేలనుకుని తామరపువ్వు మొదలుపెట్టింది. సీసా ఖాళీ అయ్యేసరికి పువ్వంతా నీలం తిరిగింది.

తల దువ్వుకుంటూ వచ్చిన శ్రావణి చేతిలోంచి దువ్వెన జారింది.

"జేజీ, అది నా మైలుతుత్తం."

పైరు మందులో కలిపే నీలి తుత్తాన్ని వేయించి, అందులోని నీరు పోగొట్టి తెల్లగా చేసిన పొడి అది. నీటి చుక్క తగిలితే నీలమవుతుంది, వేడి పెడితే మళ్ళీ తెల్లబడుతుంది. పోయింది తిరిగి వస్తుందని జడ్జీల ముందు చూపడమే ఆ పిల్ల పోటీ. మళ్ళీ కొందామంటే మందుల అంగడి తెరిచేసరికి పోటీ ముగిసిపోతుంది.

"తిరిగొస్తాదని నువ్వే చెప్తాంటివి కదమ్మా" అంది జేజి భయంగా. రైలెక్కించిన తమ్ముడు రాలేదు, ఆస్పత్రికి పంపిన మొగుడు రాలేదు. పోయినవి వస్తాయని ఆమె ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు మాత్రం రాకపోతే కుదరదు.

"వస్తాది. కానీ బండకు అతుక్కుపోయింది. గీకితే మట్టి కలుస్తాది."

ఎదురింటి నాగక్క బిందె దించి వచ్చింది. "ఏందిమే, ముగ్గు నీలం తిరిగుండాది? ఎవురో గిట్టనోళ్ళు చేసినారు."

"ఎవురూ చెయ్యలా. నేనే చేసినా."

"నీ నోట్లో ఆ మాట పెట్టింది గూడా వాళ్ళే."

వద్దనేలోగా నాగక్క మట్టి మూకుడు నిండా సాంబ్రాణి నిప్పులు తెచ్చి ముగ్గు మీద పరిచింది. కాసేపటికి నిప్పులు నెట్టి చూస్తే రేకులు తెల్లగా ఉన్నాయి. వీధి దండం పెట్టింది. శాంతి కోసమని నాగక్క చెంబులో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించింది. మళ్ళీ నీలం.

"పోలేదు మే. లోపల దాక్కోనుండాది" అని నాగక్క మళ్ళీ నిప్పులు పరిచింది.

శ్రావణి కళ్ళు తుడుచుకుంది. "జేజీ, నా ప్రయోగం నాకన్నా బాగా చేస్తాంది."

సుబ్బరత్నమ్మ బండ వైపు చూసింది. శ్రావణి కోసం వచ్చిన ఆటో ఓబుళేశును పిలిచింది. "బండ పెరుకు."

"పెద్దమ్మా, నేనొచ్చింది మనిషి కోసం."

"బండ లేకుండా మనిషి పోదు. గడ్డపార తే."

నాగక్క అడ్డం నిలబడింది. "దయ్యముండే బండను ఊర్ల మీదికి తోల్తారా?"

"అయితే నువ్వూ ఎక్కు. దార్లో లేస్తే నువ్వే సూసుకో."

నాగక్క నిప్పుల మూకుడు, నీళ్ళ చెంబుతో సహా ఎక్కింది.

మైదుకూరులో బండను జడ్జీల ముందు దించి, శ్రావణి ఇటూ అటూ జరిగే రసాయన చర్య గురించి వివరించింది. నాగక్క నిప్పులు పరిచింది. ముగ్గు తెల్లబడింది. అంతే, ఆమె చెంబు చంకలో దాచుకుంది. "వదిలిపోయింది. ఇంక చుక్క పడనియ్యను."

తెలుపు దగ్గరే ఆగితే పోటీ పోయినట్టే. శ్రావణి మొహం వాడిపోయింది. సుబ్బరత్నమ్మకు ఎక్కడి తెగువ వచ్చిందో, జడ్జీ ముందున్న నీళ్ళ గ్లాసు అందుకుని తానే చిలకరించింది. రేకులు ఒక్కొక్కటే నీలమయ్యాయి.

"వచ్చింది సూడు" అంది మెల్లగా, ఎవరితోనో.

"మళ్ళీ తెచ్చినావు కదమే" అని నాగక్క నెత్తి కొట్టుకుంది. "ఇంక అమాస దాకా పోదు."

జడ్జీలు నవ్వి చప్పట్లు కొట్టారు. శ్రావణికి మొదటి బహుమతి వచ్చింది. మూఢనమ్మకాన్ని అంత సహజంగా నటించి ఎండగట్టినందుకు నాగక్కకూ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు.

నాగక్క దాన్ని మిరపకాయలతో కలిపి, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టుకుంది.