పోలినాయుడి మూడో హెచ్చరిక

హెడ్ కానిస్టేబుల్ పోలినాయుడిని ఆషాఢంలో, ఆరు నెలల డిప్యుటేషన్ మీద, ఒక కంప్యూటర్ ఆటలోకి బదిలీ చేశారు. రిలీవింగ్ ఆర్డరు జేబులో పెట్టుకుని, స్టేషన్లోని కంప్యూటర్ తెరలోకి కుడికాలు ముందు పెట్టి దిగాడు. భార్య ఇచ్చిన చింతకాయ పచ్చడి సీసాను మాత్రం తెర ఒప్పుకోలేదు. దానికి వేరే అనుమతి కావాలట.

ఆటంతా చుక్కల మధ్య తిరిగే ఒక ఓడలో జరుగుతుంది. ఆడేవాళ్లలో ఒకరు వంటవాడి వేషం కడితే, ఇంకొకరు డాక్టరు, మరొకరు కెప్టెను. కాపలా వేషం కట్టినవాళ్లు మాత్రం కనిపించినవాడినల్లా బాదుతున్నారని ఫిర్యాదులొచ్చాయి. అందుకే ఆట నడిపేవాళ్లు అనుభవజ్ఞులొకరు కావాలని ప్రభుత్వానికి రాసుకున్నారు. అనుభవానికేం, పోలినాయుడికి ఇరవై రెండేళ్లదుంది.

కాపలావాళ్ల ప్రవర్తనా నియమాలను అతనికి ఒక కాగితం మీద ఇచ్చారు. కారణం చెప్పాకే పట్టుకోవాలి. చేతులు కట్టేశాక కొట్టకూడదు. పావుగంటకు మించి లాకప్పు కొట్లో ఉంచకూడదు. నాలుగోది, బయట తెలిసింది లోపల గానీ, లోపల తెలిసింది బయట గానీ వాడకూడదు. మూడు హెచ్చరికలు పడితే సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో రాసి వెనక్కి పంపేస్తారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పోలినాయుడు వచ్చిన రోజే వంటవాణ్ని ముందు పట్టుకుని, కారణం సాయంత్రానికి ఆలోచిద్దామనుకున్నాడు. ఒక హెచ్చరిక పడింది. చేతులు కట్టేసిన డాక్టరుకు అలవాటుకొద్దీ ఒక్కటిచ్చుకున్నాడు. రెండోది పడింది. ఆ తర్వాత ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. చిత్రమేమిటంటే, అలా ఉండటం అతనికి నచ్చింది. ఎవరి ఏడుపూ చెవిన పడకుండా, గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. ఇక్కడే ఉండిపోనిస్తే బాగుణ్ననిపించింది.

ఇంతలో కెప్టెను టోపీ పోయింది.

"ఆ గచ్చు తుడిచేవాణ్ని పట్టుకురా. వాడు బయట పాత కేడీ అట" అన్నాడు కెప్టెను.

గచ్చు తుడిచే వేషం కట్టినవాడు అప్పన్న. బయట పోలినాయుడి ఊళ్లోనే రిక్షా తొక్కుతాడు. ఊళ్లో ఏది పోయినా స్టేషన్‌కి ముందు తెచ్చేది అతన్నే. కబురు పెడితే చాలు, తువ్వాలూ చెంబూ తీసుకుని తనే వచ్చే మనిషి.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు పోలినాయుడు, నాలుగో నియమం ప్రకారం.

"గచ్చు తుడిసీవోణ్ని బాబూ. తవఁరు?"

"కాపలావోణ్ని. నాతో రావాల."

"కారణం సెప్పండి, ఒస్తాను. సెప్పకపోతే తవఁరికే మూడోది పడిపోద్ది."

పోలినాయుడు ఎంత వెతికినా, కారణం ఓడలో ఎక్కడా దొరకలేదు. ఉన్నదల్లా బయటే ఉంది. వెనక్కి వెళ్లి, కారణం లేదని కెప్టెనుకు చెప్పాడు. టోపీ మర్నాడు కెప్టెను కుర్చీ కిందే దొరికింది. పోలినాయుడికి ప్రశంసాపత్రం ఇచ్చి, గడువు తీరగానే మర్యాదగా సాగనంపారు. పొడిగించమని అతను పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు.

తిరిగి స్టేషన్లో చేరిన రోజే ఎస్సై గారి బావమరిది సెల్‌ఫోను పోయింది.

"అప్పన్నను లోపల వెయ్" అన్నారు ఎస్సై గారు.

"కారణం ఏటని రాయమంటారండి?"

"నాయుడూ, నువ్వింకా ఆటలోనే ఉన్నావా?" అని నవ్వి, ఆయన భోజనానికి వెళ్లారు.

పోలినాయుడు స్టేషన్ పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. ఈసారి వెయ్యకూడదనే అనుకున్నాడు, నిజంగానే. అప్పటికే తువ్వాలూ చెంబూ పట్టుకుని అప్పన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కారణం లేదురా. ఎల్లిపో" అన్నాడు పోలినాయుడు.

అప్పన్న కంగారు పడ్డాడు. "అలగనకండి బాబూ. అక్కడి సంగతి ఇక్కడ వాడకూడదు గదా, నాలుగోది. తవఁరే మర్సిపోతే ఎలాగ?"

పోలినాయుడికి మూడో హెచ్చరిక అంగుళం దూరంలోకి వచ్చి ఆగినట్టయింది. అప్పన్న లోపలికెళ్లి, తన మామూలు మూలలో తువ్వాలు పరుచుకున్నాడు. పోలినాయుడు తాళం వేశాడు. పుస్తకంలో కారణం గడి సాయంత్రానికని ఖాళీగా వదిలి, ఇంత నమ్మకస్థుడు ఎక్కడ దొరుకుతాడనుకుంటూ, కుర్చీలోనే గుండెల మీద చెయ్యేసుకుని కునుకు తీశాడు.