నాలుగో స్థానంలో రాజనర్సు

ప్రపంచంలో ఇంతవరకు వెలువడిన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లలో అత్యుత్తమమైనవి పది ఏవో తేల్చే బాధ్యతను బహ్రెయిన్ తెలుగు ప్రజలు తమ భుజాలకెత్తుకున్నారని మా సంఘం అధ్యక్షులు నాగేంద్రబాబుగారు ఒక శుక్రవారం మధ్యాహ్నం మహూజ్‌లోని తమ ఫ్లాట్‌లో ప్రకటించారు. ప్రజల తరఫున అక్కడ ఏడెనిమిది మందిమి ఉన్నాం. బిరియాని ఇంకా దమ్ మీదే ఉంది కాబట్టి ఎవరూ లేచి వెళ్ళలేదు.

ఇంత బాధ్యత ఊరికే రాలేదు. ప్రవాసుల సంక్షేమం చూసే మంత్రి వీరభద్రంగారు బహ్రెయిన్ పర్యటనకు వస్తున్నారు. తీరిక దొరికితే ఏం చేస్తారని ఎవరో టీవీలో అడిగితే ఆయన "ప్రోగ్రెసివ్ రాక్ వింటాను" అన్నారు. ఇంతకుముందు వచ్చిన మంత్రి మొక్కలంటే ప్రాణమన్నారని మేం మొక్క ఇచ్చాం. ఆయన దాన్ని ఎయిర్‌పోర్టు బెంచీ మీద మర్చిపోయి వెళ్ళారు. ఆల్బమ్‌ల జాబితా అయితే బరువుండదు, నీళ్ళు పోయక్కర్లేదు. దాన్ని మంత్రిగారి చేతే వేదిక మీద చదివించాలన్నది నాగేంద్రబాబుగారి సంకల్పం. సంఘం సభలకు మైకు, ప్రొజెక్టర్ చూసుకునేవాడిగా నేను చాలామంది అధ్యక్షులను దగ్గర నుంచి చూశాను. ఇలాంటి బుర్ర ఇంకొకరికి లేదు.

"ఇంతకీ ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏంటబ్బాయ్?" అని ఆయన మణికుమార్‌ని అడిగారు.

మణికుమార్ బ్యాంకులో పనిచేస్తాడు. ఈ సంగీతాన్ని మా అందరిలో నిజంగా వినేది అతనొక్కడే. చెప్పమన్నదే తడవుగా అతని ముఖం వెలిగిపోయింది. ఒక్కో పాట ఇరవై నిమిషాలుంటుందన్నాడు. తాళం మధ్యమధ్యలో మారిపోతుందన్నాడు. కథ ఉంటుంది, కథలో మాంత్రికుడో అంతరిక్ష నౌకో ఉంటుంది, అయిపోయిందని మనం అనుకున్నాక మళ్ళీ మొదలవుతుందన్నాడు.

"అంటే మన సభల్లో అధ్యక్షోపన్యాసం లాంటిదన్నమాట" అన్నారు నాగేంద్రబాబుగారు. ఆయనకు అంత త్వరగా అర్థమవుతుందని మణికుమార్ కూడా అనుకోలేదు.

అక్కడికక్కడే అతన్ని సాంకేతిక సలహాదారుగా నియమించారు. ఆ పదవిలో ఉన్నవారు సలహా చెప్పకూడదు. అతను ఆ సంగతి తెలియక, "ముందు అందరం కూర్చుని వింటే బాగుంటుందండీ" అన్నాడు.

"వింటే పక్షపాతం వస్తుంది బాబూ" అన్నారు నాగేంద్రబాబుగారు ఓర్పుగా. "తీర్పు చెప్పేవాడికి ఏదీ ఎక్కువ నచ్చకూడదు."

అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచి పరశురాం, అతని వెనకాల రాజనర్సు లోపలికొచ్చారు. పరశురాం మా సంఘంలో తెలంగాణ విభాగం కన్వీనరు, క్రేన్ ఆపరేటరు. రాజనర్సు తాపీ మేస్త్రీ. హమద్ టౌన్ అవతల క్యాంపులో ఉంటాడు.

"రాజనర్సుది చిన్న పని ఉన్నది సార్" అన్నాడు పరశురాం.

రాజనర్సు కూర్చోలేదు. "సారూ, నేను ఈడికొచ్చినంక బిడ్డ పుట్టింది. మూడేండ్లాయె. ఫోన్ల సూసుడే గని ఒక్కపారి ఎత్తుకోలే. ఇంటికి పోతనంటే మేనేజరు పాస్‌పోర్టు ఇస్తలేడు. పని ఖలాస్ అయినంక ఇస్తనంటడు. ఈ పని ఖలాసైతే ఇంకో పని మొదలువెడ్తడు."

అలా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం తప్పని ఆ మేనేజరుకీ తెలుసు. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం ఊడుతుందని రాజనర్సుకీ తెలుసు. అదే మంత్రి ఎంబసీలో ఒక్క మాట చెబితే, ఎంబసీ కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తుంది, పాస్‌పోర్టు చేతికొస్తుంది. ఇదీ పరశురాం ఆలోచన. అందుకు సభలో రెండు నిమిషాలు కావాలి.

"సందట్లో సడేమియాలాగా మధ్యలో ఇదేంటయ్యా?" అని నాగేంద్రబాబుగారు ముందు విసుక్కున్నా, ఆయన మనసు వెన్న. "సరే, పది ఆల్బమ్‌లు అవగానే పదకొండో అంశం నీదే" అని మాటిచ్చారు. రాజనర్సు రెండు చేతులూ జోడించాడు. బిరియాని తినమంటే, బస్సు వెళ్ళిపోతుందని తినకుండానే వెళ్ళిపోయాడు.

ఇక ఎంపిక మొదలైంది. మా సంఘంలో దేన్ని ఎంచాలన్నా ముందు జిల్లాలు చూస్తాం. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. ఆ ఆల్బమ్‌లు చేసినవాళ్ళంతా తెల్లవాళ్ళు, వాళ్ళది ఏ జిల్లా అని అడిగేందుకు లేదు. ప్రతిపాదించిన వారి జిల్లాయే ఆల్బమ్ జిల్లా అవుతుందని నాగేంద్రబాబుగారు రూలింగ్ ఇచ్చారు. మణికుమార్ పేర్లు చదువుతుంటే మావాళ్ళు చేతులెత్తారు. "ఎ కెథెడ్రల్ ఫర్ స్నెయిల్స్" అనే ఆల్బమ్ పశ్చిమ గోదావరికి వెళ్ళింది. "లార్డ్ ఆఫ్ ది అంబ్రెల్లాస్"ను గుంటూరువాళ్ళు పట్టుకుపోయారు. తెలంగాణ విభాగానికి రెండు స్థానాలు కేటాయించారు. మహిళా విభాగం తరఫున లక్ష్మిప్రసన్నగారు ఒక స్థానం అడిగి, ఆడవాళ్ళు పాడిన ఆల్బమ్ ఏదని మణికుమార్‌ని అడిగి, అతను చెప్పేలోపే సాధించేసుకున్నారు.

మొదటి స్థానం దగ్గర పీటముడి పడింది. నత్తలా గొడుగులా అన్నది తేలలేదు. వాట్సాప్‌లో రెండు వర్గాలూ ఎదుటి ఆల్బమ్‌ను తిట్టిపోశాయి. నత్తల ఆల్బమ్‌లో డ్రమ్ములు బాగా లేవని ఒక గుంటూరాయన రాస్తే, డ్రమ్ములు అసలు లేవని, వాయించేవాడు మానేశాకే అది చేశారని మణికుమార్ సవరించాడు. వర్గపోరును రెచ్చగొడుతున్నాడని అతన్ని గ్రూపులోంచి తీసేశారు. సలహాదారు పదవి మాత్రం అలాగే ఉంచారు. మా సంఘంలో కక్ష సాధింపు ఉండదు.

చివరికి పెద్దలు బుసైతీన్ సముద్రం ఒడ్డున కారు ఆపుకుని, ఏసీ వేసుకుని రాజీ కుదిర్చారు. మొదటి ఆరు నెలలూ నత్తలు ఒకటో స్థానంలో ఉంటాయి. తర్వాతి ఆరు నెలలూ గొడుగులు. ఖాళీగా ఉన్నప్పుడు గొడుగులకు చిన్నతనం కలగకుండా "గౌరవ ఒకటో స్థానం" అని ఒకటి పుట్టించారు. అది విని కృష్ణా జిల్లావాళ్ళు తమకు "విశిష్ట ఒకటో స్థానం" కావాలన్నారు. అలా మొదటి పదిలో ఇప్పుడు పద్నాలుగు ఆల్బమ్‌లు ఉన్నాయి. ప్రజాస్వామ్యం విస్తరించడమే గాని కుంచించుకుపోదని నాగేంద్రబాబుగారు అన్నారు. రాజనర్సు అంశం పదకొండు నుంచి పదిహేనుకు దిగింది.

ఇంతలో మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు. సభలో వారు ఉండేది అరగంటే, జాబితా చదివి నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్తారు అని చెప్పాడు. అంటే జాబితా తర్వాత ఇక ఏ అంశమూ లేదు.

పరశురాం డ్యూటీ నుంచి నేరుగా నాగేంద్రబాబుగారింటికొచ్చాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది.

"సార్, మా కోటా రెండు గదా. ఒకటి ఆల్బమ్. రెండోది రాజనర్సు."

"రాజనర్సు ఏంటయ్యా?"

"జాబితాల రాయుండ్రి. 'రాజనర్సు, పాస్‌పోర్టు' అని. మంత్రి చదువుతడు. ఇదేందని అడుగుతడు. నేను లేసి చెప్త. రెండు నిమిషాల పని."

"అది ఆల్బమ్ కాదు కదా?"

"మీరు పెట్టినయి ఆల్బమ్‌లేనని మీకెట్ల ఎరుక సార్? విన్నరా?"

నాగేంద్రబాబుగారు ఆలోచనలో పడ్డారు. కోటా అన్నాక ఎవరి స్థానంలో ఎవరిని పెట్టుకుంటారన్నది వాళ్ళ సొంత విషయం. అందులో వేలుపెడితే రేపు తన కోటాలో ఇంకొకరు పెడతారు. సాంకేతిక అభిప్రాయం కోసం మణికుమార్‌కి ఫోన్ చేశారు. అతను, "నాలుగో స్థానం ఇవ్వండి. మొదటి మూడిట్లోకి రానివ్వరు కదా" అన్నాడు.

పై మూడింటి మీదే యుద్ధాలన్నీ. నాలుగు మీద ఎవరికీ ఆశ లేదు. అంచేత ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. జాబితా నేనే టైప్ చేశాను.

సభ రోజున మనామాలో అద్దెకు తీసుకున్న హాలు నిండిపోయింది. రాజనర్సు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చాడు. పేరు పిలవగానే వేదికెక్కాలని పరశురాం అతనికి బాగా చెప్పి పెట్టాడు. నేను మైకు సరిచేస్తుంటే రాజనర్సు నా దగ్గరికొచ్చి ఫోన్ చూపించాడు. తెరమీద పిల్ల జడకు గులాబీ రంగు రిబ్బను. "మాయమ్మ పేరే వెట్టినం సార్, భీమవ్వ" అన్నాడు. మైకు బాగా పనిచేస్తోందని చెప్పాను.

మంత్రిగారు వచ్చారు. శాలువాలయ్యాయి. జాబితా అందుకుని కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. ప్రతి ఆల్బమ్ దగ్గరా ఒక్క క్షణం ఆగి, "ఆహా" అన్నారు. ఆయన ఆహా అన్న ప్రతిసారీ ఆ ఆల్బమ్ జిల్లావాళ్ళు ఈలలు వేశారు.

"నాలుగో స్థానం" అన్నారు మంత్రిగారు. "రాజనర్సు. పాస్‌పోర్టు."

పరశురాం కుర్చీ అంచుకు జరిగాడు. నేను మైకు శబ్దం కొంచెం పెంచాను. మంత్రిగారు కళ్ళజోడు తీశారు. ఇదేమిటని ఇప్పుడు అడుగుతారని హాలంతా ఎదురుచూసింది.

"దీని గురించి నేనేం చెప్పను!" అన్నారాయన. "కాలేజీ రోజుల్లో హాస్టల్ గదిలో తలుపులు మూసుకుని వినేవాణ్ణి. ఇప్పటికీ మనసు బాగాలేకపోతే ఇదే. నన్నడిగితే దీనికి అన్యాయం జరిగింది. నాలుగు కాదు, ఇంకా పైన ఉండాలి."

చప్పట్లు. అందరికంటే ముందు నాగేంద్రబాబుగారు కొట్టారు. పరశురాం సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు. రాజనర్సు మాత్రం పేరు పిలిచారు కాబట్టి చెప్పిన ప్రకారం వేదికెక్కాడు.

"ఎవరు?" అన్నారు మంత్రిగారు.

"రాజనర్సు సారూ."

మంత్రిగారు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు చాచి అతన్ని కావలించుకున్నారు. ఆయన కాలేజీ రోజులకు రాజనర్సు ఇంకా పుట్టి ఉండడు. ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"సారూ, పాస్‌పోర్టు..."

"మాటలొద్దు. దాన్ని మాటల్లో చెప్పలేం."

"బిడ్డను ఇంకా ఎత్తుకోలే సారూ."

"అక్కడే!" అన్నారు మంత్రిగారు. కళ్ళు తుడుచుకున్నారు. "సరిగ్గా అక్కడికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగదు."

తన మెడలోని శాలువా తీసి రాజనర్సుకు కప్పారు. నిజంగానే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మైకు దగ్గర నిలబడి నేను చూశాను. ఫొటోలు తీశారు. మంత్రిగారు మిగిలిన స్థానాలు గబగబా చదివి, జాబితా కుర్చీలోనే వదిలేసి ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయారు.

మరుసటి శుక్రవారం సమీక్షా సమావేశం పెట్టుకున్నాం. మంత్రిగారు కన్నీరు పెట్టిన ఆల్బమ్ నాలుగులో ఉండడం సంఘానికే తలవంపులని నాగేంద్రబాబుగారు బాధపడ్డారు. నత్తలవాళ్ళూ గొడుగులవాళ్ళూ కూడా, మంత్రిగారి మాటకు అడ్డు రాలేమని తప్పుకున్నారు. అంతటి త్యాగం నేను సంఘంలో ఇదివరకు చూడలేదు. 'పాస్‌పోర్టు'ను ఏకగ్రీవంగా ఒకటో స్థానానికి పెంచారు. ఆరు నెలల షరతు కూడా పెట్టలేదు.

శుభవార్త తామే చెబుతామని నాగేంద్రబాబుగారు అందరూ వినేలా స్పీకర్ పెట్టి క్యాంపుకు ఫోన్ చేశారు. అవతల సిమెంటు మిక్సర్ చప్పుడు. శుక్రవారం కూడా ఓవర్‌టైం నడుస్తోంది.

"రాజనర్సూ, కంగ్రాచ్యులేషన్స్! ఫస్ట్ వచ్చావయ్యా!"

మిక్సర్ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడులోంచి రాజనర్సు గొంతు వినిపించింది.

"ఫస్టొచ్చినోళ్ళకు ఇస్తరా సారూ?"

నాగేంద్రబాబుగారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఈ ప్రశ్న సాంకేతిక సలహాదారు చూసుకోవాలన్నారు.