ఛైర్మన్ గారి దవడపన్ను

పదింటికి ఛైర్మన్ గారి దవడపన్ను పీకడం, పన్నెండింటికల్లా ఆయన కంపెనీ షేర్లు అమ్మేయడం, సాయంత్రం భార్యతో వెళ్లి ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వడం. పళ్ల డాక్టరు ఆ రోజుకు వేసుకున్న ప్లాను ఇది. ఫ్లాటు కోసం పదేళ్లుగా తాను కూడబెట్టిన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉందని ఆవిడ నమ్మకం. అదంతా పట్టుకెళ్లి ఛైర్మన్ గారి కంప్యూటర్ చిప్పుల కంపెనీ షేర్లలో పోసిన సంగతి డాక్టరుకూ, కొనిపెట్టిన బావమరిదికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

పొద్దున్నే కాఫీ తాగుతూ డాక్టరు పేపరు తెరిచాడు. ఛైర్మన్ గారు నిన్న సొంత షేర్లు అమ్ముకున్నారట. మెమరీ చిప్పులు చేసే పెద్ద కంపెనీతో కుదరాల్సిన పొత్తు చెడిందేమోనని మార్కెట్టంతా గుసగుసలు. "ఆయన్నే అడిగితే పోలా? కూర్చునేది నా కుర్చీలోనేగా" అనుకున్నాడు.

పళ్ల డాక్టర్లకు అదేం జబ్బో, పేషెంటు నోట్లో దూదీ, గొట్టమూ, రెండు చేతులూ పెట్టాకే కబుర్లు గుర్తొస్తాయి. అడిగేసి, కళ్లు చూసి జవాబు తామే చెప్పుకుంటారు. కళ్లు చదవడంలో తనను మించినవాడు లేడని మన డాక్టరు ధీమా.

సూది పొడిచి, మత్తు ఎక్కేదాకా ఆగే ఓపిక లేక, పన్నును పటకారుతో పట్టుకుని అడిగాడు. "మెమరీ వాళ్లతో పొత్తు కుదిరినట్టేనాండీ?"

పటకారు కదిలింది. ఛైర్మన్ గారి కళ్లలో నీళ్లు బొటబొటా కారాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపారు. పన్ను ఊడొచ్చింది. డాక్టరు దాన్ని నర్సు చేతిలో పడేసి ఎక్స్‌రే గదిలోకి పరిగెత్తి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మనవన్నీ అమ్మెయ్. పొత్తూ లేదూ పాడూ లేదు. మనిషి నా ముందే ఏడ్చాడు."

"ఎంతకి బావా?"

"ఎంతకైనా. ఎవరికీ చెప్పకు."

బావమరిది ఎవరికీ చెప్పలేదు, తన వాట్సాప్ గ్రూపులోని నాలుగొందల మందికి తప్ప. అదీ ఎవరికీ చెప్పొద్దని రాసి మరీ చెప్పాడు. ఆ తర్వాత తీరిగ్గా అమ్మకానికి కూర్చున్నాడు. ఆ నాలుగొందల మందీ అతనికంటే చురుకైనవాళ్లు.

అరగంటలో షేరు మూడోవంతు పడింది. టీవీవాళ్లు ఛైర్మన్ గారికి వీడియో కాల్ చేస్తే ఆయన కుర్చీలోంచే ఎత్తారు. అప్పటికి మత్తు బ్రహ్మాండంగా ఎక్కింది. పెదవి ఓ పక్కకు జారిపోయింది. అంతా బాగుందని చెప్పబోతే ముద్దముద్దగా ఏదో వచ్చింది, వెంట చొంగ కూడా వచ్చింది. మనిషి కుమిలిపోతున్నాడని చూసినవాళ్లంతా తేల్చేశారు. షేరు సగానికి దిగింది. "అమ్మేశా బావా, గండం గడిచింది" అని బావమరిది మెసేజ్ పెట్టింది అప్పుడే.

ఛైర్మన్ గారు వంగి కూర్చుని ఫోన్లో టకటకా ఏదో నొక్కుతున్నారు. రాజీనామా కాబోలని డాక్టరు జాలిపడి మంచినీళ్లిచ్చాడు.

మధ్యాహ్నానికి మత్తు దిగింది. ఛైర్మన్ గారు టీవీలో నవ్వుతూ కనిపించారు. పొత్తు మీద సంతకాలు అయిపోయాయట. షేర్లు అమ్మింది ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడానికట. షేరు పొద్దుటి ధర దాటి పైకి ఎగిరింది.

డాక్టరు భార్య అప్పటికే తయారై వచ్చి, కొత్త వంటగది కిటికీకి ఏ రంగు తెర బాగుంటుందో నర్సుతో మాట్లాడుతోంది. డాక్టరు ఆవిడను లోపలికి పిలిచి ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ అమ్మిన ధరా, ఇప్పటి ధరా అడిగి కాగితం మీద రాసుకుంది. అరవకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఇంతలో ఛైర్మన్ గారి ఫోన్. "డాక్టరు గారూ, మీ చెయ్యి చాలా మంచిదండీ. నిన్న అమ్మినవన్నీ మీ కుర్చీలోనే సగం ధరకి కొనేసుకున్నా. వచ్చేవారం ఎడమవైపు పన్ను కూడా పీకేద్దాం. టీవీవాళ్లని నేనే పిలుస్తా."

ఆవిడ ఫోన్ లాక్కుని, "సోమవారం పదింటికి రండి" అని పెట్టేసి, భర్త వైపు తిరిగింది. "ఈసారి మా తమ్ముడికి చెప్పకండి. అమ్మడం, కొనడం నేను చూసుకుంటా."

ఎక్స్‌రేలో ఆ ఎడమవైపు పన్ను నిక్షేపంలా ఉంది.