రైతు కిసుములో ఉన్నాడు

వ్యవసాయం చేయాలంటే పొలంలో దిగాలని ఇంకా నమ్ముతున్నవారు ఎవరైనా మిగిలి ఉంటే, వారి మీద నాకు జాలే తప్ప కోపం లేదు.

నన్ను చూడండి! కెన్యాలో మా సియాయా చుట్టుపక్కల నాలాంటి అభ్యుదయ రైతు లేడని సర్టిఫికెట్ ఉంది. నేను పార పట్టుకోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. మరి నా దగ్గరేముంది? ఫోనుంది! పైన ఉపగ్రహం తిరుగుతోంది. కింద మా చేలో ఒక సెన్సర్ పాతి ఉంది. మధ్యలో నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇంతకన్నా సమగ్రమైన సేద్యం ఎక్కడైనా ఉందా?

పూర్వం ఏం చేసేవాళ్ళం? మబ్బు కోసం చూసి చూసి మెడలు పట్టేసేవి. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వానొస్తుందని సంబరపడేవాళ్ళం. ఇప్పుడు చీమల్ని బతిమాలే అగత్యం లేదు. ఉరిమి, మెరిసి, నా టోపీ తడిసి ముద్దయ్యాక "మీ ప్రాంతానికి వర్ష సూచన" అని మెసేజ్ వస్తుంది. అందినట్టు ఒకటి నొక్కమంటారు. నొక్కుతాను. ఆ రోజుకి సేద్యం ముగిసినట్టే. వేలు నొప్పి పుడితే అదీ వ్యవసాయపు నొప్పే కదా!

మా పక్కింటి ఒగ్వెనోకి ఫోనుంది గానీ ఈ మెసేజుల పథకంలో చేరలేదు. "మా ఆవిడ చెప్తుంది, నేను వింటా. నాకదే మెసేజ్" అంటాడు. ఇలాంటివాళ్ళ వల్లే దేశం వెనకబడిపోయింది.

పథకం వాళ్ళు జీపు దిగి "ఈ ఇంట్లో రైతు ఎవరు?" అని అడిగినప్పుడు నా భార్యలిద్దరూ, పెద్దది అపోండి, చిన్నది అకేయో, పొలంలో కలుపు తీస్తున్నారు. కాబట్టి ఇంటి దగ్గర ఖాళీగా దొరికిన రైతును నేనే! భూమి నా పేరున ఉంది. ఫోను నా జేబులో ఉంది. ఇంకా అనుమానమెందుకు?

ఈ మార్చిలో నన్ను కిసుము పట్నానికి శిక్షణకు పిలిచారు. "పొలం మీ అరచేతిలో" అని దాని పేరు. ఏసీ హోటల్. పొద్దున్న గుడ్లు, మధ్యాహ్నం పళ్ళెంలో పట్టని చేప. గోడ మీది తెరలో మొక్కజొన్న ఎంత పచ్చగా ఉందని! అంత పచ్చటి పంట నా చేలో ఏనాడూ చూళ్ళేదు. నేను చేలోకి వెళ్ళకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

బుధవారం హాల్లో అందరి మధ్యా నా ఫోను మోగింది. "తొలి పదును పడింది. రేపు ఉదయమే విత్తండి. ఎల్లుండి దాటితే తేమ నిలవదు." శిక్షణ ఇచ్చే ఆయన దాన్ని మైకులో చదివాడు. ఒకటే చప్పట్లు! నేను లేచి అందరికీ దండం పెట్టాను.

కాసేపటికి ఒగ్వెనో నంబరు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడింది అపోండి.

"ఏమయ్యా, ఇక్కడ వాన పడింది."

"తెలుసు. నాకు మెసేజొచ్చింది."

"మెసేజొచ్చింది సరే, నువ్వెప్పుడొస్తావ్? విత్తనాల బుట్ట ముందేసుకుని కూచున్నా."

మా లువో తెగ ఇళ్ళలో ఏ భార్య చేను ఆ భార్యదే గానీ విత్తనానికో కట్టుబాటుంది. విత్తే ముందు రాత్రి ఇంటాయన ఇంట్లో ఉండాలి. తెల్లారి పెద్ద భార్య తొలి గింజ వేయాలి. ఆ తర్వాతే చిన్న భార్య. వరుస తప్పితే ఇంటికి అరిష్టం. ఉపగ్రహానికి అంత ఎత్తు నుంచి చేనూ చెలకా కనిపిస్తాయి గానీ పాపం, ఈ వరుస కనిపించదు.

"శుక్రవారం సర్టిఫికెట్లిస్తారు. గ్రూప్ ఫోటో కూడా ఉంది" అన్నాను.

"శుక్రవారం దాకా నేల తడి నీకోసం ఆగుతుందా? ఒగ్వెనో వాళ్ళు రేపు విత్తేస్తున్నారు. సాయంత్రం బస్సెక్కు చాలు. తెల్లారగానే మళ్ళీ పోదువుగాని, నిన్నెవరూ ఆపరు."

వెనకనుంచి అకేయో అరుపు వినిపించింది. "నా చేను సంగతి కూడా అడుగక్కా! నువ్వు వెయ్యందే నేను వెయ్యలేను కదా. రేప్పొద్దున పిల్లలకేం పెట్టాలంట?"

మీరే ఆలోచించండి! మర్నాటి పాఠం "సకాలంలో విత్తడం". అంత ముఖ్యమైన పాఠం ఎగ్గొట్టి, విత్తడానికి ఊరికి పోతానా?

శుక్రవారం సర్టిఫికెట్ అందుకున్నాను. ఫోటోలో ముందు వరసలో ఉన్నది నేనే. శనివారం పొద్దున అపోండి దుమ్ములో గింజలేసింది. ఆమె తర్వాత అకేయో వేసింది. మళ్ళీ వాన ఎప్పటికో గానీ రాలేదు. మొలిచినవాటికన్నా పిట్టలు తిన్నవే ఎక్కువ.

అయినా టెక్నాలజీ నా చేయి వదల్లేదు! మెసేజ్ అందిందని నొక్కాను కదా, అందితే విత్తినట్టే వాళ్ళ లెక్క. మే నెలలో శుభవార్త పంపారు. "అభినందనలు! మీ మొక్కజొన్న మోకాలెత్తు దాటింది. రెండో కలుపు తీయండి."

అంతటి కబురు కడుపులో దాచుకోలేక ఆడవాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. ఇద్దరూ ఒగ్వెనో చేలో కూలికి కలుపు తీస్తున్నారు. సాయంత్రానికి ఒక డబ్బా మొక్కజొన్నలిస్తారు. గట్టు మీద నిలబడి మెసేజ్ గట్టిగా చదివాను.

అపోండి తలెత్తలేదు. అకేయో పార ఆనించి నడుం నిమురుకుంది.

"మోకాలెత్తేనా? అయితే కంకి వేసేదాకా ఆగు. వేసిందని మెసేజొచ్చాక నువ్వే కాల్చుకు తిందువుగాని. ఈ డబ్బా పిల్లలకి. ఇంతకీ నా చేను సంగతి నాకు చెప్పకుండా నీకెందుకు చెప్తోందయ్యా అది?"

శిక్షణలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.