అశోక్‌నగర్ మేడమీద క్లబ్బు కొలతల సమరము

బర్కత్‌పుర మేడల వెనుకనుండి లేచిన భానుడు నారాయణగూడ ఫ్లైఓవరుపై వాహనసమూహముల నడుమ జిక్కుకొని, మెల్లమెల్లగా జరిగి జరిగి, ఎట్టకేలకు చిక్కడపల్లి చేరిన వేళ. ఇడ్లీపాత్రల యావిరియు ఆటోల పొగయు గగనమున గలిసి, ఇది యేది అది యేది యని తెలియరాకున్న వేళ. గ్రంథాలయద్వారమున గుర్చీకై నిలిచిన నిరుద్యోగవీరులు పుస్తకములను డాళ్లవలె రొమ్ములకు నదుముకొని యున్న వేళ. ఒక స్త్రీ, ఉక్కుకర్రను భుజమున ధరించి, కనుబొమలు ముడిచి, అశోక్‌నగర్ దిక్కునకు సాగుచుండెను. వీథులారా, తొలగి దారి యిండు! శ్రోతలారా, చేరి చెవి యొగ్గుడు!

ఆమె పేరు రాజ్యలక్ష్మి. నారాయణగూడలో నొక కళాశాలయందు దశాబ్దముల కొలది తెలుగు బోధించి పదవీ విరమణ గావించిన విదుషీమణి. సంధులను విడదీయుటలో ఖడ్గధార, సమాసములను బట్టి నిలుపుటలో వజ్రముష్టి. ఎత్తునకు హ్రస్వము, కంఠమునకు ప్లుతము. తరగతిలో నల్లబల్ల పైసగము ఆమె చేతికెన్నడు నందలేదు. బస్సులో పైకమ్మి యందలేదు. మెట్టినింట వంటగట్టు గుండెల వరకు వచ్చెను. అట్టి ప్రతి తావునను లోకము "మీరు కాస్త పొట్టి కదండీ" యని నవ్వెను; ఆమెయు నవ్వి, మడమలెత్తి, సర్దుకొనెను. లోకమునందలి వస్తువులన్నియు సరియైన కొలతనే యున్నవనియు, తానొక్కతెయే తప్పు కొలతయనియు నమ్మి యామె యిన్నేండ్లు బ్రదికెను.

ఆమెకు గోల్ఫ్ క్లబ్బు లభించిన విధము చెప్పవలెను. క్లబ్బనగా నిచట పేకాడు స్థలము కాదు. బంతిని గొట్టు నుక్కుకర్ర. ఆమె యన్నగారు జోగారావు, బషీర్‌బాగ్‌లో పెద్ద యుద్యోగము వెలగబెట్టిన యాజానుబాహువు, ఆరడుగుల పైచిలుకు విగ్రహము, మోకాళ్లు మొరాయించుటచే నాట మానుకొని, తన క్లబ్బులలో నొకదానిని చెల్లెలి చేతబెట్టి, "నువ్వు ఆడేదేముందిలే, బూజు దులుపుకోవడానికి పనికొస్తుంది" అనెను. ఆ వాక్యము శరమై నాటెను. మరునాడే రాజ్యలక్ష్మి బూజును దాని మానాన దానిని వదలి, ఆ కర్రతో గురువును వెదకుచు బయలుదేరెను.

ఆమెకు దొరకిన గురువు జగదీశ్వర్. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణకేంద్రము నడచు నొక భవనపు మేడపైభాగమును కిరాయికి దీసికొని, వల గట్టి, పచ్చని చాప పరచి, గోల్ఫ్ దెబ్బలు నేర్పుచు జీవించుచున్న వాడు. పొడుగాటి మెడ, పొట్టి మాట, అలుపెరుగని యోపిక. ఆ వలకు నెడమ ప్రక్కన నీళ్లట్యాంకు నల్లని దేహముతో దిగ్గజమువలె నిలిచియుండెను.

అహో దుర్విధీ! రాజ్యలక్ష్మి కొట్టిన ప్రతి బంతియు, చాప విడిచిన యుత్తరక్షణమున, ఎదుటనున్న విశాలమైన వలను తృణీకరించి, ఎడమకు మళ్లి, ఆ ట్యాంకును దాకి, "ఢాం" అను భేరీనాదమును బుట్టించెను.

"మేడం, మోకాళ్లు జర వంచుండ్రి," అనెను జగదీశ్వర్.

ఆమె వంచెను. ఢాం.

"నడుము జర లేపుండ్రి."

ఆమె లేపెను. ఢాం.

"గట్ల కాదు మేడం, తల కదిలిస్తుండ్రు."

ఆమె తలను శిలగా జేసెను. ట్యాంకు మరింత స్పష్టముగా మ్రోగెను.

వారములు గడచెను. ఒకనాడు మెట్లమీద దబదబ పాదఘట్టనము వినవచ్చెను. క్రింది శిక్షణకేంద్రమును నడపు భవ్య, ఒక చేత మార్కరుతో, కన్నుల నిప్పులతో, మేడమీదికి వచ్చి నిలిచెను.

"జగదీశ్వరన్నా, ఏందిది? కింద పిల్లలు రాజ్యాంగం చదువుతుంటే పైన యుద్ధం నడుస్తుంది. ప్రాథమిక హక్కులు అనంగనే ఢాం అంటది. ఇంకొక్కసారి ట్యాంకు మోగిందనుకో, ఓనర్‌తోని చెప్పి ఈ వల తీసేయిస్త. ఇగ నీ ఇష్టం."

ఆమె దిగిపోయెను. జగదీశ్వర్ వలను జూచెను, ట్యాంకును జూచెను, తుదకు రాజ్యలక్ష్మిని జూచెను. వల పోయినచో నతని బ్రదుకు పోవును. గొంతు తగ్గించి, చాపవైపు జూచుచు నిట్లనెను:

"మేడం, ఏమనుకోకుండ్రి. మీకు ఇది సెట్ కాదు. పొద్దున జర వాకింగ్ చేస్కోండ్రి, మంచిగుంటది."

ప్లుతకంఠము ప్రథమముగా మూగవోయెను. రాజ్యలక్ష్మి కర్రను భుజమున వైచుకొని యిల్లు జేరి, ఉప్మా వండి, దానిని ముట్టక, కిటికీ కడ గూర్చుండెను. నల్లబల్ల, బస్సు కమ్మి, వంటగట్టు, అన్నియు వరుసగా వచ్చి యామె యెదుట నిలిచి "చెప్పలేదా?" యని యడిగినట్లయ్యెను.

మరునాటి యుదయమున వాకిట నీళ్లు జల్లి ముగ్గు వేయుచుండగా, గోడకు జేరగిలబెట్టిన క్లబ్బు జారి పడెను. విసుగుతో దానిని లేపి, ఎవరును చూడకుండుట గమనించి, చివరిసారిగా నొక్కసారి, బంతి కొట్టు భంగిమలో నిలిచెను. కర్ర తల తడినేలను దాకి, ముగ్గుపిండిమీద వ్రాలెను. ఎత్తి చూచినచో, తలకు కాలివైపునున్న యంచునకు, అనగా మడమకు, మాత్రమే పిండి యంటియుండెను. ఆవలి ముక్కు భాగము తళతళ మెరయుచుండెను. అది నేలను దాకనే లేదు. ఆమె మరల నిలిచెను. మరల నదియే. ముక్కు గాలిలోనికి లేచి యెడమవైపునకు జూచుచుండెను. ఆరడుగుల మనిషి కర్రను హ్రస్వదేహము పట్టినచో నది యట్లే వాలును. బంతి యట్లే యెడమకు బోవును.

రాజ్యలక్ష్మి కర్ర తలమీది పిండిని వ్రేలితో దడవి చూచెను. "నా తప్పు కాదా?" అని మెల్లగా ననుకొనెను. తరువాత కర్రను భుజమున వైచుకొని, ముగ్గుపిండి డబ్బా చంకనిడుకొని, ముగ్గు సగములో విడిచి, యుద్ధమునకు బయలుదేరెను.

మేడమీద జగదీశ్వర్ వల ముడులను సరిచూచుచుండెను. ఆమెను జూచి యతని ముఖము వాడెను. రాజ్యలక్ష్మికి కోపము వచ్చినచో గ్రాంథికము వచ్చునని యామె శిష్యకోటి యెరుగును, జగదీశ్వర్ యెరుగడు.

"ఓయీ గురువర్యా! శస్త్రమును బరీక్షింపక యోధుని నిందించు నాచార్యుడు ఆచార్యుడా? నా జానువులను వంచితివి, కటిని నిటారు గావించితివి, శిరమును స్తంభింపజేసితివి. ఈ దండము నా దేహమునకు దగినదో కాదో యన్న ప్రశ్న నీ జిహ్వాగ్రమున నేల నర్తింపలేదు? దండపరిమాణ నిర్ణయము విద్యాభ్యాసమున నంతర్భాగము గాదా?"

జగదీశ్వర్ చేతిలోని వల ముడిని విడిచెను.

"మేడం, జర తెలుగుల చెప్పుండ్రి."

రాజ్యలక్ష్మి యూపిరి పీల్చుకొనెను. "కర్ర నాకు పొడుగైంది, జగదీశ్వర్. మొదటి రోజే మీరు చూడాల్సింది."

అప్పుడతనికిని రోషము వచ్చెను. మెడ సాచి, నడుమున చేతులుంచి, యతడిట్లు గర్జించెను: "చూస్కోండ్రి మేడం, నేను నేర్చుకున్నప్పుడు మా ఉస్తాద్ కొలతలు తీయలే. ఏ కర్ర దొరికితే ఆ కర్రతోని కొట్టుమన్నడు, కొట్టినం. కొలుచుడు దుకాణపోళ్ల పని, నేర్పుడు నా పని. కర్ర తప్పని నేను ఒక్కసారి నోరు జారితే, ఇగ చెయ్యి తప్పని ఎవ్వరన్న ఒప్పుకుంటరా? రోజుకో కర్ర మారుస్తరు. ఆట మాత్రం రాదు. గసొంటోళ్లను ఎంతమందిని చూసిన్నో!"

అది వట్టి యాటోపము గాదు, అందు సత్యముండెను. రాజ్యలక్ష్మియు నా సత్యమును గుర్తించి తల యూపెను.

"నిజమే. నా చెయ్యి తప్పైతే తిట్టండి, పడతాను. కానీ తప్పు చేతిదో కర్రదో తేల్చేదెవరు? దుకాణంవాడు నేను కొట్టడం ఎప్పుడైనా చూశాడా? ఇన్ని వారాలుగా ఎదురుగా నిలబడి చూసింది మీరొక్కరే. మీరు చెప్పకపోతే నేను జీవితమంతా నాదే తప్పనుకుంటాను. ఇప్పటిదాకా అలాగే అనుకున్నాను."

జగదీశ్వర్ నడుముననున్న చేతులు తమంతట తాము దిగెను.

"సరే, చూపెట్టుండ్రి," అనెను.

ఆమె చాపమీద ముగ్గుపిండి పలుచగా జల్లి, కర్ర యడుగును తడిపి, బంతి లేకయే వీచెను. కర్రను దలక్రిందుగా నెత్తి యతనికి జూపెను. మడమకే పిండి. జగదీశ్వర్ కర్రను జేతబట్టి, తుడిచి, మరల వీచుమనెను. మడమకే పిండి. అతడు మోకాళ్లమీద గూర్చుండి, ఆమె ముంజేయి నుండి నేల వరకు టేపు సాచి కొలిచెను. లేచి, తలగోకుకొని, "అరె," అనెను. యుద్ధభూమిలో నింతకుమించిన లొంగుబాటు నెవ్వరు నెరుగరు.

"కోస్తే మళ్ల అతకది మేడం. మీ అన్నగారిని అడుగుతరా?"

"అడగను. కోయండి."

అంత నారంభమయ్యెను మహాచ్ఛేదనము. జగదీశ్వర్ కత్తితో కర్ర పైనున్న రబ్బరు పిడిని జీల్చి, చర్మమువలె నొలిచి పారవైచెను. పైపులు కోయు సాధనమును దెచ్చి, ఉక్కు గొట్టమునకు దగిలించి, ద్రిప్పెను, అది కిర్రుమనెను, అతడు పండ్లు బిగించి మరల ద్రిప్పెను, జోగారావు కీర్తివలె దీర్ఘమైన యా గొట్టము తుదకు లొంగి, బొటనవ్రేలంత తునుకను విడిచెను. తునుక గచ్చుమీద దొర్లి వాననీటి మోరీలో బడెను. క్రొత్త పిడి తొడిగి, ముగ్గుపిండిమీద వీచి చూడగా, పిండి కర్ర తలకు నట్టనడుమ నంటెను.

ఇక బంతి. జగదీశ్వర్ దానిని చాపమీద నుంచి, సంశయించి, పోయి ట్యాంకునకు అడ్డముగా చేతులు బారజాచి నిలిచెను.

"మీకు తగుల్తుంది, పక్కకు రండి," అనెను రాజ్యలక్ష్మి.

"తగిల్తే నాకే తగలనీండ్రి. మోగొద్దు."

సరిగా నప్పుడే, మేడమీది రభస విని, భవ్య మెట్లెక్కి వచ్చెను. రాజ్యలక్ష్మి కర్ర నెత్తెను. మడమ లెత్తలేదు, ఎత్తవలసిన పని లేకుండెను. కర్ర గాలిని జీల్చుచు దిగెను. బంతి తిన్నగా, నిదానముగా, ఎవరి మీదను పగ లేనిదానివలె సాగి, వల నడుమ దాకి, "తుప్" మని చప్పుడు చేసి, క్రిందబడెను.

"గంతేనా?" అనెను భవ్య.

"గంతే," అనెను జగదీశ్వర్, ట్యాంకును విడువకయే.

భవ్య వలను, బంతిని మార్చి మార్చి జూచి దిగిపోయెను. రాజ్యలక్ష్మి విజయోపన్యాసమునకై నోరు తెరచెను గాని, ముందు కన్నులు తుడుచుకొనవలసి వచ్చెను. "ఇంకోటి పెట్టండి," అని మాత్ర మనగలిగెను.

రెండవ బంతిని బాదబోగా కర్ర చాపను గొట్టెను. బంతి కదలక యచటనే కూర్చుండెను.

"ఇది మాత్రం చెయ్యే మేడం," అనెను జగదీశ్వర్.

"ఒప్పుకున్నాను."

ఆ వెనుక మెట్లెక్కి వచ్చిన శిష్యుడు అవినాష్ సంచి దింపకమునుపే, "జర నిలబడు. ముందుగాల కర్ర ఇటియ్యి, చూస్త," యని గురువు టేపు సాచెను. అవినాష్ విస్తుబోయి కర్ర నందిచ్చెను.

ఇట్లు, నగరమున కొత్త రోడ్డు వేయబడకున్నను, నారాయణగూడ కూడలి యొక్క నిముషమైనను ఖాళీ గాకున్నను, క్రింది యంతస్తున నెవ్వరికిని నాడు కొలువు రాకున్నను, అశోక్‌నగర్ మేడమీద, ఎండ ముదిరిన వేళ, ఒక తెల్లని చిన్న బంతి, నాలుగడుగుల దూరమున వ్రేలాడుచున్న వలను, మొట్టమొదటిసారి, సూటిగా దాకెను. విజయము! విజయము! రాజ్యలక్ష్మికి సంపూర్ణ విజయము!