కోపాలు ఇక్కడ అప్పగించవలెను

ప్రపంచంలోని యుద్ధాలన్నిటికీ ఆవేశమే కారణమని, వివేకమే విరుగుడని గోదావరిఖనిలో ఒక గని సంక్షేమాధికారి దండపాణి గారు 1971 డిసెంబరులో కనిపెట్టారు. (అప్పటికి యుద్ధం మొదలై మూడు రోజులు. సర్క్యులర్ టైపు కావడానికి ఆమాత్రం పడుతుంది.)

గనిలో దిగేవాడి జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె గేటు దగ్గరే పెట్టించడం పాత రివాజు. లేకుంటే బొగ్గు భగ్గుమంటుంది. కోపమూ అంటుకునే సరుకే గనక, గని ముందు దాన్నీ అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. పైకొచ్చాక బిళ్ళ ఇచ్చి కోపం తీసుకోవాలి. ఆవేశం ఉన్నవారికి ప్రవేశం లేదు.

ఆగయ్యకు ఇది ఇరకాటమైంది. రేడియోలో యుద్ధవార్త విన్ననాటి నుంచి అతను తన జోడీ సిరాజుద్దీన్‌తో మాట్లాడడం లేదు. ఎనిమిదేళ్ళుగా ఒకరు బొగ్గెత్తుతుంటే ఇంకొకరు పైకప్పు కూలే ముందు చేసే చప్పుడు కోసం చెవి ఒగ్గేవారు. (సిరాజుద్దీన్‌ది కాసిపేట. పుట్టి బుద్ధెరిగి అతను దాటిన సరిహద్దు ఊరి వాగొక్కటే.) మాటల్లేని జోడీలో, విన్నవాడు చెప్పకపోతే? ఆ భయం ఆగయ్యను మూడు రోజులుగా తొలుస్తోంది.

తనిఖీ చేసే బిక్షం రిజిస్టరు తెరిచి, కోపం ఎవరి మీదన్నాడు. శత్రుదేశం మీదన్నాడు ఆగయ్య. శత్రుదేశం ఈ షిఫ్టులో లేదు, మనిషి పేరు కావాలన్నాడు బిక్షం. ఆగయ్య వెనక్కి చూడకుండా పేరు చెప్పాడు.

"ఏం జేసిండని రాయాలె?"

"ఏం జెయ్యలే."

బిక్షం కారణం గడిలో అడ్డగీత గీసి, బిళ్ళ ఇచ్చాడు. వెనకే ఉన్న సిరాజుద్దీన్ దగ్గర అప్పగించడానికి కోపం లేదు. లేదని రుజువు పత్రం రేపటిలోగా అతనే తెచ్చుకోవాలట.

లోపల రెండు గంటలు ఒక్క మాట లేకుండా పని సాగింది. అప్పుడు పైకప్పు సన్నగా చిటపటలాడింది.

"ఇటు దునుకు, బావా," అంటూ సిరాజుద్దీన్ చెయ్యి పట్టి గుంజాడు. ఆగయ్య నిలబడ్డ చోట ఎద్దంత బండ పడింది.

ఇద్దరూ చాలాసేపు దుమ్మే దులుపుకున్నారు.

"మూడొద్దులు నీతోని మాట్లాడకపోతి. ఎందుకు గుంజినవ్?"

"నువ్వు వోతే కొత్త జోడీనిస్తరు. వాన్ని గూడ బావా అని పిలుసుడు నాతోని గాదు."

(ఇది ఆవేశమా, వివేకమా అనేది సర్క్యులర్‌లో లేదు.)

పైకొచ్చి ఆగయ్య బిళ్ళ బల్ల మీద పెట్టి, కోపం తనకొద్దన్నాడు. నిల్వ ఉంచే గది లేదన్నాడు బిక్షం. అయితే రేడియోలో అది తనకు అంటించినవాళ్ళకే పంపమన్నాడు ఆగయ్య. బిక్షం సర్క్యులర్ అటూ ఇటూ తిప్పి, నాలుగో నియమం చదివి వినిపించాడు:

"తనిఖీ గనిలో దిగువారికి మాత్రమే. దిగనివారి అగ్గిపెట్టెలు వారివద్దనే ఉండవచ్చును."