బొద్దక్షరాల బోర్డు

మధ్యాహ్నానికల్లా బిర్యానీ గిన్నె ఖాళీ కావాలన్నది కొట్టు తెరిచిన ఆ పొద్దున హయాత్ పథకం. కాకపోతే మర్నాడే వేటపాలెం వెళ్లి, తన అన్న కలీం నడిపే జీడిపప్పు షెడ్డులో పనికి చేరాలని భార్య కరీమున్ షరతు. బావగారి కింద పనిచేయడమంటే హయాత్‌కు జ్వరం వచ్చినంత పనవుతుంది.

బిర్యానీ కొట్టుకు గది మిర్చి యార్డు రోడ్డులో, పురుగుమందుల షాపుల మధ్య దొరికింది. బోర్డు డిజైను చేసిన ఆయేషా ముందే చెప్పింది.

"పేరుకి ఈ బొద్దక్షరం బాగుంటుంది హయాత్ భాయ్. కొసలకి పాదాలున్నాయి చూడండి, చుట్టూ ఖాళీ వదిలితే హుందాగా నిలబడుద్ది. చిన్న రాతకి మాత్రం వద్దు, అలుక్కుపోద్ది."

"అంతా అదే పెట్టమ్మా. సన్నగా రాస్తే ముక్కలు తక్కువేస్తామనుకుంటారు."

అలాగే పెట్టింది. 'హయాత్' అన్న పేరు పురుగుమందు డబ్బా మీద కంపెనీ పేరులా దర్జాగా నిలబడింది. కింద బిర్యానీల జాబితా మొత్తం ఒకదాన్నొకటి తొక్కుకుని, డబ్బా మీద ఎవరూ చదవని హెచ్చరికలా తయారైంది.

మొదట వచ్చినవాడు బుల్లయ్య, యార్డుకు మిర్చి తెచ్చిన రైతు. జేబులోంచి తెగులుకి ముడుచుకుపోయిన మిరపాకు తీసి బల్ల మీద పెట్టాడు.

"దీనికేముందండీ మీ దగ్గర?"

"బిర్యానీ ఉందండీ," అన్నాడు హయాత్ అయోమయంగా.

బుల్లయ్య మొహం వెలిగిపోయింది. కొత్త మందు దించే కంపెనీలు రైతులను పిలిచి బిర్యానీ పెట్టడం ఆయన చాలాసార్లు చూశాడు, తిన్నాడు.

"ముందు భోజనాలు, తర్వాత అసలు సంగతి. అంతేగా?"

అసలు సంగతంటే బిల్లేనని హయాత్ అనుకున్నాడు. "అంతేనండీ. ముందు తృప్తిగా తినండి."

"మావాళ్లని పిలవనా?"

"అయ్యో, అడగాలా!"

బుల్లయ్య రోడ్డు మీదికెళ్లి ఫోన్ తీశాడు. "ఒరేయ్ యలమందా! కొత్త కంపెనీ మీటింగురా. యార్డులో ఉన్నోళ్లందర్నీ తోలుకురా!"

యార్డులో ఉన్న ఆయన ఊరివాళ్లంతా వచ్చారు. ఆ జనాన్ని చూసి పక్క ఊరివాళ్లూ వచ్చారు. హయాత్ ఆనందంగా కొసరి కొసరి వడ్డించాడు. గిన్నె అడుగంటా గీకేశాక అందరూ చేతులు కడుక్కుని, కుర్చీలు అతని వైపు తిప్పుకుని కూర్చున్నారు.

"ఇక చెప్పండి," అన్నాడు బుల్లయ్య.

"బిల్లండీ..."

"మీటింగు భోజనానికి బిల్లేంటండీ! మందు గురించి చెప్పండి. ఎకరాకెంత కొట్టాలి?"

"నా దగ్గర మందే లేదండీ!"

"పాపం, స్టాకు రాలేదంట్రా," అన్నాడు బుల్లయ్య జాలిగా. "దిగులుపడకండి, రేపొస్తాం. బిర్యానీ మాత్రం ఈ వంటవాడి చేతే చేయించండి."

హయాత్ ఎంత అరిచినా ఒక్కరూ ఆగలేదు. అప్పుడే ఎదురొచ్చే జనాన్ని తప్పించుకుంటూ కరీమున్ లోపలికి వచ్చింది. ఖాళీ గిన్నె చూసి మురిసిపోయి, మొగుణ్ని నోరు మెదపనివ్వకుండా అన్నకు ఫోన్ చేస్తూ బయటికెళ్లింది.

తిరిగొచ్చేసరికి హయాత్ చేతులు జోడించి ఉన్నాడు. "కరీమున్, నేను రేపే వేటపాలెం వెళ్తా. మీ అన్న ఏ పని చెప్తే అది చేస్తా."

"ఇంకెందుకండీ వెళ్లడం? గిన్నె ఖాళీ అయిన సంగతి చెప్తే అన్నే ఈ కొట్టులో సగం వాటాకి వస్తానన్నాడు."

కలీం అప్పటికే షెడ్డుకు తాళం వేసి రైలెక్కాడు.